విమానపు పాయింట్లు - ఇంటి లెక్కలు



బెజవాడనుండి ఏలూరు పోవు దారిలో గన్నవరము విమానాశ్రయము కలదు. ఒకప్పుడు ఆ దారిన బస్సులో పోవు పిల్లలు విమానము కనబడిన చాలు, కిటికీలోనుండి తలలు బయటపెట్టి చూచెడివారు. నేడు కంకిపాడు, ఉయ్యూరు, గుడివాడ ప్రాంతముల తల్లిదండ్రులు అదే గన్నవరములో విమానమెక్కి, పెద్ద నగరములలో మారి, సముద్రముల కావలనున్న బిడ్డలను చూచి వచ్చుచున్నారు. విమానప్రయాణము విలాసము కాక సంసారపు ఖర్చులలో ఒకటైనది. ఈ అవసరమును గుర్తించియే బ్యాంకులును, విమానయాన సంస్థలును కలిసి ఒక విధమైన క్రెడిట్ కార్డులను ఇచ్చుచున్నవి. వానిని ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు వాడవలెనో నాలుగు మాటలు మనవి చేసెదను.

కార్డుపై మనము చేయు ప్రతి వంద రూపాయల ఖర్చుకు ఇన్ని పాయింట్లని మన లెక్కలో జమ అగును. అవి తగినన్ని చేరిన పిమ్మట టిక్కెట్టుగా మార్చుకొనవచ్చును. ఇది దానము కాదు. మనము కొన్నప్పుడెల్ల దుకాణదారు బ్యాంకునకు కొంత రుసుము చెల్లించును. మనము ఏటేట కార్డు రుసుము చెల్లింతుము. గడువులోపల బాకీ తీర్చనివారు వడ్డీ చెల్లింతురు. ఈ రాబడిలో కొంత భాగముతో బ్యాంకు విమాన సంస్థవద్ద పాయింట్లు కొని మనకిచ్చును.

ఉయ్యూరు వైపున నాకు తెలిసిన విశ్రాంత ఉపాధ్యాయులొకరు కలరు. ఆయన ఇంటి సరుకులు మొదలు చేనికి వేయు ఎరువులవరకు నాలుగేండ్లపాటు అన్నియు కార్డుమీదనే కొని పాయింట్లు కూడబెట్టినారు. అమెరికాలోనున్న కుమార్తె తొలికాన్పునకు భార్యాభర్త లిరువురును వెళ్ళవలెనని వారి సంకల్పము. తీరా టిక్కెట్లు తీసుకొనబోవునప్పటికి పథకము మారినది. ఇద్దరికి సరిపోవుననుకొన్న పాయింట్లు ఒక్కరికే చాలినవి. పన్నులు వేరుగా చేతినుండి కట్టవలసి వచ్చినది. పంట సొమ్ము ఇంకను చేతికి రాలేదు. ఆమె ఒక్కరే వెళ్ళినారు. ఆయన మనుమరాలిని మొదట ఫోనులోనే చూచినారు. పాయింట్లు తగ్గినందుకు కాదు, వానిని అంతకాలము దాచినందుకు విచారించుచున్నానని ఆయన నాతో అన్నారు.

నేటి ప్రసంగములోని ముఖ్యమైన సంగతి అదియే. పాయింటు గాదెలోని ధాన్యము వంటిది కాదు, బ్యాంకులోని డబ్బు వంటిదియు కాదు. అది ఒక సంస్థ చేసిన వాగ్దానము మాత్రమే. ఆ వాగ్దానపు విలువను తగ్గించు అధికారము సాధారణముగా ఆ సంస్థ చేతిలోనే యుండును. సంస్థలైనను శాశ్వతములు కావు. మన విజయవాడ కేంద్రముగా 2013 అక్టోబరులో ఎగిరిన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరిలో ఆగిపోయినది. కింగ్‌ఫిషర్ 2012లోను, జెట్ ఎయిర్‌వేస్ 2019లోను నిలిచిపోయినవి. విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసినది. విస్తారా పాయింట్లు ఎయిర్ ఇండియా పథకములోనికి మారినవి కాని, అన్ని సందర్భములలోను అట్టి యేర్పాటు జరుగునని నమ్ముటకు వీలులేదు. కనుక ఒక టిక్కెట్టునకు సరిపడినంత చేరగానే వాడుకొనుట మేలు.

ఇక కార్డు నెన్నుకొనుట. నేలను బట్టి విత్తనము. మీరు ఏటా ఏ ఊళ్లకు పోవుచున్నారో, గన్నవరమునుండి అచ్చటికి ఏ సంస్థ విమానములు నడచుచున్నవో మొదట చూడవలెను. మీరెక్కని విమానపు పాయింట్లు మీకెందుకు?

పిమ్మట పాయింటు విలువ కట్టవలెను. ఒక టిక్కెట్టు ధర 6,000 రూపాయలనుకొందము. అదే టిక్కెట్టునకు 10,000 పాయింట్లును, పన్నులక్రింద 1,000 రూపాయలును అడిగినచో, మనకు మిగిలినది 5,000. అనగా పాయింటు విలువ అర్ధరూపాయి. వందకు రెండు పాయింట్లిచ్చు కార్డైనచో, వంద రూపాయల ఖర్చుకు మనకు వచ్చునది ఒక్క రూపాయి. కార్డు రుసుము ఏటికి 5,000, దానిపై 18 శాతము పన్నుతో 5,900 అయినచో, ఆ రుసుము రాబట్టుకొనుటకే ఏడాదికి 5,90,000 రూపాయలు ఖర్చు చేయవలెను. అంత ఖర్చులేని ఇంటికి ఆ కార్డు పావలా కోడికి ముప్పావలా మసాలా యగును. పైగా పెట్రోలు, ఇంటి అద్దె వంటివానికి పలు కార్డులపై పాయింట్లే రావు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము వడ్డీ. బిల్లులో కనీస మొత్తమని ఒక చిన్న అంకె యుండును. అది కట్టిన చాలునని పలువురు భ్రమపడుదురు. మిగిలిన బాకీపై నెలకు మూడున్నర శాతము, అనగా ఏడాదికి 42 శాతము వడ్డీ వేయు కార్డులు కలవు. లక్ష రూపాయలు ఒక్క నెల నిలిచినచో వడ్డీ 3,500, దానిపై పన్ను 630, మొత్తము 4,130. ఆ లక్షకు వచ్చిన పాయింట్ల విలువ, పై లెక్క ప్రకారము, వేయి రూపాయలే. 30 శాతమునకు మించిన వడ్డీ తగదని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో త్రోసివేసినది. కనుక మనకు మనమే కాపు. నెలకు నెల బాకీ పూర్తిగా తీర్చలేని ఇంట ఈ కార్డు ఉండరాదు.

మనకు కొన్ని హక్కులును కలవు. అడుగని కార్డును ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించినది. బాకీలన్నియు తీర్చి కార్డు మూసివేయుడని కోరినచో ఏడు పనిదినములలో మూయవలెను. ఆలస్యమైనచో దినమునకు 500 రూపాయలు ఖాతాదారునకు చెల్లింపవలెను. అయితే మూయించుటకు ముందే పాయింట్ల సంగతి చూచుకొనుడు.

శ్రోతలారా! బిడ్డలను చూచుటకు పోవు ప్రయాణము పాయింట్ల కొరకు ఆగరాదు, పాయింట్ల కొరకు అప్పును పెరుగరాదు. ఈ రాత్రి భోజనమైన పిమ్మట మీ కార్డు బిల్లును ఇంటిల్లిపాదియు ముందు పెట్టుకొని ఒక్కసారి లెక్క చూడుడు. పాయింట్లు చేరియున్నచో, ఎవరిని చూచుటకు పోవలెనో అదియు అప్పుడే నిశ్చయించుకొనుడు.