మంచు మైదానం వెనుక మనుషులు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో పిల్లలకు, పెద్దలకు పనికివచ్చే విషయం ఏదైనా మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. నేను ఉర్దూ మీడియం బడిలో చెప్పుకునేవాణ్ణి. నా తెలుగులో ఉర్దూ మాటలు దొర్లితే పెద్దలు మన్నించాలి. నేటి నా విషయం ఐస్ హాకీ. అయితే ఆటను గురించి కాదు. ఆ ఆట జరిగే భవనంలో తెర వెనుక మెహనత్ చేసేవారిని గురించి. నేను కెనడా చూడలేదు, అమెరికా చూడలేదు. చదివి తెలుసుకున్నదే మీకు మనవి చేస్తాను.

మన దేశంలో హాకీ నేల మీద ఆడతారు. అక్కడ గడ్డకట్టిన మంచు మీద, ఉక్కు అంచు బిగించిన బూట్లతో జారుతూ ఆడతారు. బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం గల రబ్బరు బిళ్ళ ఉంటుంది, దానిని పక్ అంటారు. అక్కడి పెద్ద లీగులో మైదానం 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. చుట్టూ వేలాది జనం. అంత జనం ఊపిరి వేడికి కూడా కరగకుండా ఆ మంచు ఎట్లా నిలుస్తుంది? ఇది ఆకాశం నుండి పడిన మంచు కాదు గదా!

మన కోస్తా రేవుల్లో చేపల కోసం నడిచే ఐసు ఫ్యాక్టరీలు చూసినవారు మీలో ఉన్నారు. అక్కడ అమ్మోనియా సహాయంతో ఉప్పునీటిని చల్లబరుస్తారు. మంచినీళ్ళ డబ్బాలను ఆ ఉప్పునీటిలో దించితే నీళ్ళు దిమ్మలుగా గడ్డకడతాయి. చాలా మంచు మైదానాలకు కూడా సూత్రం ఇదే. తేడా ఏమంటే, అక్కడ ఆ ఉప్పునీటిని సిమెంటు నేల లోపల పరచిన గొట్టాల గుండా తిప్పుతారు. ఒక్క మైదానం క్రిందనే ఈ గొట్టాలు మైళ్ళ పొడవు ఉంటాయి. ఉప్పునీరు సున్నా కంటే తొమ్మిది డిగ్రీల సెల్సియస్ క్రిందికి చల్లబడినా గడ్డకట్టదు. పైనున్న నేల మాత్రం చల్లబడి, దాని మీద చల్లిన నీరు మంచు అవుతుంది.

నీళ్ళన్నీ ఒకేసారి గుమ్మరిస్తే పని చెడుతుంది. పనివాళ్ళు పలుచగా చల్లుతారు. గడ్డకట్టాక మళ్ళీ చల్లుతారు. మంచు గాజువలె ఉంటుంది కనుక క్రింది సిమెంటు కనబడకుండా తెల్లరంగు వేస్తారు. దాని మీద ఎర్ర గీతలు, నీలం గీతలు, వలయాలు దిద్దుతారు. వాటి మీద మళ్ళీ పొర మీద పొర నీరు. ఇంత చేసినా చివరకు మందం ఒక అంగుళం, అంతకు కాస్త అటూ ఇటూ. మందం పెరిగితే క్రింది చల్లదనం పైకి అందదు, మంచు మెత్తబడుతుంది. తగ్గితే బూటు అంచు నేలకు తగులుతుంది. జనం రాకముందే యంత్రగదిలోని మనిషి నేలను ఇంకొంచెం చల్లబరచి పెట్టుకుంటాడు. పక్‌లు మంచు మీద ఎగరకుండా జారాలని వాటిని కూడా గడ్డకట్టించి ఉంచుతారు. బూట్ల అంచులు సానబెట్టే మనిషి వేరు. ఇందులో ఏ ఒక్కరూ పని తప్పినా ఆట తప్పుతుంది.

ఆట మూడు భాగాలు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. ఒక భాగం ముగిసేసరికి మంచు దున్నిన పొలంలాగ అవుతుంది. పూర్వం ట్రాక్టరు వెనుక చెక్కుడు పలక కట్టి లాగి, ముగ్గురు నలుగురు మనుషులు ఆ పొడి ఎత్తిపోసి, నీళ్ళు చల్లి, మళ్ళీ గడ్డకట్టేదాకా ఆగేసరికి గంటకు పైగా పట్టేది. దీనికి ఉపాయం కనిపెట్టినవాడు ఫ్రాంక్ జాంబోనీ. 1901లో పుట్టాడు. గ్యారేజీలో పనిచేసి, కరెంటు పని నేర్చుకున్న మనిషి. సోదరునితో కలిసి కాలిఫోర్నియాలో దిమ్మల ఐసు ఫ్యాక్టరీ నడిపాడు. రెఫ్రిజిరేటర్లు వచ్చి ఐసు దిమ్మలకు గిరాకీ పడిపోతుంటే తల పట్టుకుని కూర్చోలేదు. తన చేతిలో ఉన్న హునర్‌తోనే 1940లో పారమౌంట్ అనే ఊళ్ళో మంచు మైదానం తెరిచాడు. ఏళ్ళ తరబడి తంటాలు పడి 1949లో ఒక యంత్రం తయారుచేశాడు. అది మంచును చెక్కుతుంది, పొడిని ఎత్తుకుంటుంది, కడుగుతుంది, వెనుక తడిగుడ్డతో వేడినీళ్ళు పులుముతుంది. వేడినీళ్ళు ఎందుకంటారా? అవి పై పొరను కాస్త కరిగించి దానితో కలిసిపోయి గట్టిగా గడ్డకడతాయి. గంటకు పైగా పట్టే పని, ఒక్క మనిషి చేతిలో నిమిషాల పని అయింది. ఈనాటికీ ఆ యంత్రాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇటువంటి యంత్రం నడిపినవాడే డేవిడ్ ఎయిర్స్. 2004లో ఆయనకు మూత్రపిండం మార్చారు. తల్లి తన మూత్రపిండం ఇచ్చింది. టొరంటో నగరంలో ఒక మైదానం నిర్వహణ చూస్తూ, పెద్ద ఆటగాళ్ళ సాధన కోసం గోల్ దగ్గర నిలబడేవాడు. ఏ జట్టు గోల్‌కీపర్లకైనా దెబ్బలు తగిలితే ఆదుకోవడానికి ఒక బయటి మనిషి సిద్ధంగా ఉండాలని అప్పటి నియమం. 2020 ఫిబ్రవరి 22న, టొరంటోలో ఆడుతున్న కెరొలైనా జట్టు గోల్‌కీపర్లు ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. నలభై రెండేళ్ళ ఎయిర్స్‌ను పిలిచారు. మొదటి రెండు దెబ్బలూ గోల్ అయ్యాయి. తరువాత వచ్చిన ఎనిమిదింటినీ ఆపాడు. కెరొలైనా 6-3తో గెలిచింది. ఓడింది తమ ఊరి జట్టే అయినా టొరంటో జనం ఆయనకు చప్పట్లు కొట్టారు. పత్రికలన్నీ ఆయన బొమ్మ వేశాయి.

మంచిదే. కానీ నాకొక సందేహం. ఆయన ఆ రాత్రి మైదానంలోకి దిగకపోతే ఆయన పనికి విలువ లేనట్లేనా? తెర ముందుకు వచ్చినవానికే ఇజ్జత్ ఇచ్చే అలవాటు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ఆ అలవాటు వల్ల ప్రాణాలు కూడా పోతాయి. 2017 అక్టోబర్ 17న కెనడాలోని ఫెర్నీ అనే చిన్న ఊళ్ళో, మంచు మైదానం యంత్రగదిలో అమ్మోనియా లీకై ముగ్గురు పనివాళ్ళు చనిపోయారు. విచారణలో తేలిందేమంటే, ఆయుష్షు తీరిన పాత గొట్టానికి చిన్న రంధ్రం పడి అమ్మోనియా ఉప్పునీటిలో కలిసింది. లీకు సంగతి ముందే తెలిసి కూడా ఆ యంత్రాన్ని తిరిగి నడిపారు. మైదానం మీద మంచు మెరుస్తున్నంత కాలం క్రింది గొట్టం సంగతి ఎవరికి పడుతుంది?

ఇది మనకు దూరపు కథ కాదు. ఐసు ఫ్యాక్టరీలో, కోల్డ్ స్టోరేజీలో పనిచేసే తండ్రులు, అన్నదమ్ములు మన ఇళ్ళలో ఉన్నారు. వారికి నా మనవి. కొంచెం వాసన మామూలే అని ఊరుకోకండి. ఘాటు తగిలితే ముందు బయటికి రండి, గాలి వీచే వైపుకు ఎదురు నడవండి. సరైన మాస్కు లేకుండా, తోటివాణ్ణి లాగడానికైనా సరే, లోపలికి పోవద్దు. పాత గొట్టం మార్చమని, మాస్కులు ఇవ్వమని నలుగురూ కలిసి యజమానిని అడగండి. ఒక్కడు అడిగితే మాట పడవచ్చు, నలుగురు అడిగితే వింటారు.

ఇక తల్లులకు ఒక మాట. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు, అబ్బాయి ఐటీఐలో రెఫ్రిజిరేషన్ పని నేర్చాడంటే కొందరు మొహం చిట్లిస్తారు. మెకానిక్కేగదా అంటారు. ఆ చేతిలో ఎంత లెక్క, ఎంత ఓర్పు ఉందో ఇప్పుడు విన్నారు. పిల్లల్లారా, టీవీలో ఆట చూసేటప్పుడు గోల్ ఎవరు కొట్టారని అడగండి, తప్పులేదు. దానితోపాటు మైదానం ఎవరు తయారుచేశారని కూడా అడగండి. ఈ రోజు ఈ షామియానా కట్టినవాళ్ళు, వంట దగ్గర ఉన్నవాళ్ళు నా మాటలు వినడానికి రాలేకపోయారు. సభ ముగిశాక వారి దగ్గరికి వెళ్ళి సలాం చెప్పిన తరువాతే భోజనానికి కూర్చోమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.