కాలి సిరకు గుండెలో కొలువు

1967లో క్లీవ్‌లాండ్ క్లినిక్కున అర్జెంటీనా శస్త్రవైద్యుడు రెనే ఫవలోరో, కాలి సిరను తీసి, పూడుకొనిన హృదయధమనికి ప్రక్కదారిగా కుట్టు విధానమును వ్యాప్తికి తెచ్చెను. అయితే అల్పపీడనమునకు అలవడిన ఆ సిర ధమనీరక్తపు ఉద్ధృతికి లోనై, తొలిమాసమున రక్తపు గడ్డచేతను, పిదప లోపొర దళసరియగుటచేతను, ఏండ్లు గడచినకొలది కొవ్వు పేరుకొనుటచేతను ఇరుకగును. పదియేండ్లకు ఇంచుమించు సగము సిరలు పూడిపోవుచున్నవి. తీయునపుడు ఉప్పునీటిని బలముగా ఎక్కించి ఉబ్బించినచో ఆ సున్నితమైన లోపొర అప్పుడే చెదరును. కావున చుట్టునున్న కొవ్వుతో గూడ సిరను తీయు పద్ధతి నాకు మిక్కిలి శ్లాఘ్యముగా తోచుచున్నది. ఈ శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరిన పిమ్మట, నొప్పి లేదుగదా యని, వైద్యుడు వ్రాసియిచ్చిన ఆస్పిరిన్, స్టాటిన్ మాత్రలను మీయంతట మీరు మానకుడు. పొగత్రాగుట నేడే విడువుడు.