ఫోకస్ మార్చితే బొమ్మ కదలునా?

పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ శ్రీహరికోట దీవి ఉన్నది. అక్కడినుండి మొదటి రాకెట్టు రోహిణి-125, 1971 అక్టోబరు 9న ఎగిరినది. నాటినుండి అక్కడ నింగికెగసిన రాకెట్ల ఛాయాచిత్రాలను మనమెన్నో చూచినాము. అట్టి చిత్రాలు కనులకు ఇంపు మాత్రమే కావు. వానినిబట్టి రాకెట్టు ఎటు ఎంత ఒరిగినదో లెక్కకట్టవచ్చును. అయితే కెమెరా కటకం, అనగా లెన్సు, నమ్మదగినది కావలెను.

రాకెట్టు దూరమైనకొద్దీ ఫోకస్ సవరించవలసివచ్చును. అప్పుడు లోపలి కటకాలు ముందుకో, వెనుకకో జరుగును. అమరిక వదులైతే పక్కకు కూడ ఒరుగును. వానితో ప్రతిబింబమూ తొలగును. 1000 మిల్లీమీటర్ల నాభ్యంతరంగల కటకంలో ప్రతిబింబం మిల్లీమీటరులో పదవవంతు తొలగితే, 5 కిలోమీటర్ల దూరాన రాకెట్టు అరమీటరు జరిగినట్లే తోచును.

పరీక్ష సులభమే. కెమెరాను గట్టి స్టాండుపై బిగించి, దూరాన కదలని రెండు గురుతులను, ఒకటి చిత్రం నడుమ, ఒకటి అంచున, నిలుపవలెను. ఫోకస్‌ను కొంచెం కొంచెంగా అటు తిప్పి, మరల మొదటిచోటికి తెచ్చుచు చిత్రాలు తీయవలెను. గురుతు మసకబారినను దాని నడిబిందువును చూడవలెను. అంచు గురుతు మాత్రమే జరిగితే చిత్రం పరిమాణం మారుచున్నది. రెండును ఒకేవైపు జరిగితే ప్రతిబింబమే తొలగుచున్నది.

ఇట్లు పలుమార్లు చేయవలెను. ప్రతిసారి ఒకే తీరున తొలగితే ఆ దోషాన్ని కొలిచి లెక్కలో సరిదిద్దవచ్చును. ఒక్కొక్కమారు ఒక్కొక్క తీరైతే ఏ లెక్కా దానిని సరిదిద్దలేదు. కటకాన్ని ముందే బాగుచేయించవలెను. ఎగిరిపోయిన రాకెట్టు మరొక చిత్రంకోసం తిరిగివచ్చునా?