లౌండ్స్ కౌంటీ: జనం ఉన్నారు, ఓటు లేదు



అమెరికా ఎన్నికలనగానే మనం అధ్యక్షుడి గురించే మాట్లాడుకుంటాం. ఆ దేశంలో పేదవాడి గుమ్మం దాకా వచ్చే ప్రభుత్వం మాత్రం కౌంటీ. అది మన జిల్లాలాంటిదే. మన దగ్గర కలెక్టరునీ ఎస్పీనీ ప్రభుత్వం నియమిస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో పోలీసు పెద్ద అయిన షెరీఫ్‌ను, ఆస్తి విలువ కట్టే అధికారిని, పన్ను వసూలు చేసేవాణ్ణి, స్కూలు బోర్డు సభ్యులను జనమే ఓటేసి ఎన్నుకుంటారు. అందుకే ఓటర్ల జాబితాలో ఎవరి పేర్లున్నాయో చూస్తే చాలు, పోలీసు దెబ్బలు ఎవరికో, కూలిపోయే బడి ఎవరి పిల్లలకో చెప్పేయొచ్చు.

అలబామా రాష్ట్రంలోని లౌండ్స్ కౌంటీని చూడండి. పత్తి పండే భూములు. సెల్మా నుంచి మాంట్‌గొమరీకి పోయే 80వ నంబరు హైవే దాని మీదుగానే వెళ్తుంది. 1965 మొదట్లో అక్కడి జనం సుమారు 15 వేలు. ప్రతి ఐదుగురిలో నలుగురు నల్లజాతివారు. వాళ్ళలో ఓటరుగా నమోదైనవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. తెల్లవారి పేర్లు మాత్రం అర్హులైన తెల్లవారి కంటే ఎక్కువున్నాయి! పోయినవాళ్ళు కూడా జాబితాలో బతికే ఉన్నారన్నమాట. (నవ్వుతున్నారు కదా, మీ వార్డులో కూడా ఉన్నారేమో చూడండి.)

ఆ ఏడాది మార్చి 1న జాన్ హ్యూలెట్ మరికొందరితో కలిసి హేన్‌విల్ కోర్టుకు వెళ్ళి పేర్లు రాయించుకోబోయాడు. రాయలేదు. ఆ నెలలోనే వాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరులోనే క్రైస్తవ ఉద్యమం అని ఉంది. వారం వారం కూడికలు పల్లె చర్చిల్లోనే. మార్చి 25 రాత్రి, ఉద్యమకారులను కారులో దిగబెడుతున్న వయోలా లియుజో అనే తెల్లజాతి తల్లిని ఆ హైవే మీదే కాల్చి చంపారు. ఆగస్టు 20న జోనథన్ డేనియల్స్ చనిపోయాడు. ఎపిస్కోపల్ సెమినరీ విద్యార్థి, మనలాగే వేదాంతం చదువుకుంటున్నవాడు. జైలు నుంచి విడుదలై, కూల్‌డ్రింకు కొనుక్కుందామని దుకాణం దగ్గరికి వెళ్ళారు. పదిహేడేళ్ళ రూబీ సేల్స్ మీదికి తుపాకీ గురిపెడితే ఆమెను పక్కకు నెట్టి తాను గుండుకు ఎదురు నిలబడ్డాడు. కాల్చినవాడిని పన్నెండుమంది తెల్ల మగవాళ్ళ జ్యూరీ నిర్దోషి అంది.

డేనియల్స్ త్యాగం గురించి ప్రసంగాలు చాలానే విన్నాం. ఆ జ్యూరీని ఎవరు ఏర్చారన్న ప్రశ్న మాత్రం ప్రసంగాల్లో తక్కువ. జ్యూరీ జాబితా కౌంటీ చేతిలో ఉండేది. అందులో నల్లవారికి చోటు లేదు, ఆడవాళ్ళకు అసలు చట్టమే అడ్డు. 1966లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది.

1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. పేర్లు రాయడానికి ఫెడరల్ అధికారులే వచ్చారు. పేరు రాయించుకున్న కౌలుదార్లను భూస్వాములు ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. వాళ్ళు హైవే పక్కన గుడారాలు వేసుకుని చలిలో కాపురాలు చేశారు. అయినా జాబితా నుంచి పేరు తీయించుకోలేదు.

తర్వాత సొంత పార్టీ పెట్టారు. అక్కడి డెమొక్రాట్ల గుర్తు తెల్ల కోడిపుంజు, దానితోపాటు తెల్లజాతి ఆధిక్యమన్న నినాదం. వీళ్ళు నల్ల చిరుతపులిని ఎంచుకున్నారు. చదువురాని ఓటర్ల కోసం గుర్తు తప్పనిసరి. 1951–52లో మన మొదటి సాధారణ ఎన్నికలకు బొమ్మలు పెట్టింది కూడా అందుకే. డెమొక్రాట్లు తమ పోటీ రుసుము 50 డాలర్ల నుంచి 500కు పెంచారు. సొంత పార్టీ పెట్టుకున్నవాళ్ళకు ఆ గోడే అడ్డు రాలేదు.

మాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చిన కుర్రాళ్ళు బొమ్మల పుస్తకాలు వేశారు. షెరీఫ్ ఏం చేస్తాడు, ఏం చేయకూడదు? భూమి విలువ కట్టేవాడు పెద్ద తోటలకు తక్కువ కడితే బడికి డబ్బు ఎక్కడిది? అంతే, బొమ్మలతో. పొలం పని ముగించుకొచ్చిన వాళ్ళు రాత్రి కూడికలో అవి చూస్తూ, ‘ఈ పని మనమూ చేయగలం’ అనుకున్నారు. 1966 మే 3న చర్చి దగ్గర పోగై తమ అభ్యర్థులను తామే ఎన్నుకున్నారు. నవంబరులో ఏడుగురూ ఓడిపోయారు. భూస్వాములు కూలీలను లారీల్లో తెచ్చి తమకే వేయించుకున్నారు. 1970లో హ్యూలెట్ షెరీఫ్‌గా గెలిచాడు. 22 ఏళ్ళు ఉన్నాడు.

గెలిస్తే అన్నీ బాగుపడ్డాయా? లేదు. నీరు ఇంకని బంకమట్టి నేల అది. నేటికీ చాలా ఇళ్ళ మురుగు పెరట్లోకే పోతుంది. 2023లో పౌరహక్కుల కింద ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒప్పందం చేయించింది, 2025లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. షెరీఫ్ మనవాడైనా రాష్ట్రం మనది కాకపోతే ఇంతే.

ఇక మన సంగతి. క్రైస్తవులమైన దళితులకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా లేదు. రిజర్వుడు వార్డులో ఓటేస్తాం, నిలబడలేం. యానాం పిల్లలకైతే, పుదుచ్చేరిలో 2006లో స్థానిక ఎన్నికలు జరిగాక ఏళ్ళ తరబడి మళ్ళీ జరగలేదు. మురుగు కాలువ గురించి అడగడానికి కౌన్సిలరే లేడు. మిగతా చోట్ల కౌన్సిలరున్నా, మున్సిపాలిటీ నోటీసు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో వస్తుంది, మన అవ్వలు దాన్ని మడిచి బైబిల్లో పెడతారు.

కాబట్టి వచ్చే నెల కూడికకు ప్రతి సంఘం నుంచి ఇద్దరు రండి. మీ పోలింగ్ కేంద్రం ఓటర్ల జాబితా ఎన్నికల సంఘం వెబ్‌సైటులో దొరుకుతుంది, అచ్చు వేసి తీసుకురండి. నీళ్ళు, వీధి దీపం, రేషను, బడి, వీటికి మీ ఊళ్ళో ఎవరు సంతకం పెడతారో రాసుకు రండి. బొమ్మలు వేయగలిగినవాళ్ళు పెన్సిళ్ళు తెచ్చుకోండి. పుస్తకం తెలుగులోనే వేద్దాం.