సొంత విమానానికి కారు వైరు వేస్తే పోలా?

అమెరికాలో ఆర్‌వీ కిట్లు కొని గ్యారేజీలోనే విమానం కట్టుకునేవాళ్ళు వేలల్లో ఉన్నారు. వైరింగ్‌కి వాళ్ళు ఎక్కువగా వాడేది టెఫ్జెల్ తొడుగు వైరు. ఖరీదెక్కువే. కారు వైరు చవగ్గా వస్తుంది కదా అంటారా? కారులో పొగొస్తే పక్కన ఆపి దిగిపోతాం. గాల్లో ఎక్కడ దిగుతాం? పీవీసీ తొడుగు కాలితే యాసిడ్ పొగ. అంత చిన్న కాక్‌పిట్‌లో కళ్ళు మండి మీటర్లే కనపడవు. టెఫ్జెల్ అయితే 150 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తొందరగా అంటుకోదు.

ఇంకోటి. ఫ్యూజు ఉన్నది రేడియోని కాపాడటానికి కాదండీ, వైరుని కాపాడటానికి! 22 గేజ్ వైరుకి మామూలుగా 5 ఆంప్స్ ఫ్యూజు వేస్తారు. ఊరికే పోతోందని 20 ఆంప్స్‌ది పెట్టారనుకోండి, షార్ట్ అయినప్పుడు ఫ్యూజు నిక్షేపంలా ఉండి, వైరు కాలే ప్రమాదం ఉంది.