తడబడిన అడుగు, తొందరపడిన తీర్పు



సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త (స)పై, వారి పరివారంపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

అమెరికాలో తాగి వాహనం నడిపాడన్న అనుమానం కలిగితే పోలీసు అధికారి ఆ వ్యక్తిని రోడ్డు పక్కన నిలిపి, మడమకు వేళ్లు తగిలేలా తిన్నగా తొమ్మిది అడుగులు నడిపిస్తాడు. వెనుదిరిగి మరల తొమ్మిది అడుగులు వేయమంటాడు. ఒంటికాలిపై 30 సెకన్లు నిలబెడతాడు. కంటిపాప కదలికనూ గమనిస్తాడు. అయితే 65 ఏళ్లు దాటినవారు, వెన్ను, కాలు, లోపలి చెవి బాధలున్నవారు మద్యం ముట్టకున్నా తడబడవచ్చునని ఆ పరీక్షల శిక్షణ గ్రంథమే ఒప్పుకుంటున్నది.

ఈ చర్చ మనకు కొత్తది కాదు. మన మదరసాలలో బోధించే ‘హిదాయా’లో ఇమామ్ మర్‌గీనానీ (రహ్మ) మత్తుకు గుర్తు ఏమిటన్న ప్రశ్నను చర్చించారు. నడకలో, అవయవాల కదలికలో దాని ప్రభావం కనిపించడమే గుర్తు అన్నది ఇమామ్ షాఫయీ (రహ్మ) అభిప్రాయమని పేర్కొని, అది మనిషికీ మనిషికీ మారుతుంది గనుక ప్రమాణం కాజాలదని వ్రాశారు. మాయిజ్ (రజి) స్వయంగా నేరం ఒప్పుకున్నప్పుడు సైతం, ఆయన మద్యం సేవించి ఉన్నారేమోనని దైవప్రవక్త (స) విచారించారు. ఒకరు లేచి ఆయన నోటి వాసన చూశారు. మద్యపు వాసన లేదు. తీర్పుకు ముందు ఎంతటి నిదానం!

మరి మనం? చక్కెర వ్యాధిగ్రస్తునికి రక్తంలో చక్కెర పడిపోతే చెమటలు పడతాయి, మాట ముద్దగా వస్తుంది, అడుగు తూలుతుంది. అతణ్ణి చూసి ‘తాగుబోతు’ అని ముఖం తిప్పుకొని సాగిపోతే, హుజురాత్ సూరా 12వ వాక్యం వారించిన దురనుమానానికి మనం పాల్పడినట్లే. ఆ అనుమానం ఒక ప్రాణాన్నే బలిగొనవచ్చు. దగ్గరికి వెళ్లండి, పలకరించండి. స్పృహలో ఉండి మింగగలిగితే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ లేకుంటే నోట ఏమీ పోయక 108కి ఫోన్ చేయండి.

సోదరులారా! ఇందులో తాగేవానికి ఊరట ఏమీ లేదు. మన దేశ మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యాన్ని హద్దుగా పెట్టింది. మాయిదా సూరా 90వ వాక్యం అవతరించిన తరువాత మనకు ఆ హద్దు కూడా లేదు. ఒక్క చుక్కైనా నిషిద్ధమే. రోడ్డుపై పరీక్షలో నెగ్గినవాడు అల్లాహ్ సన్నిధిలో నెగ్గినట్లు కాదు.

ఇతరుల విషయంలో నిదానాన్ని, మన విషయంలో కాఠిన్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.