నారసాల మొక్కు – ధమ్మమార్గం
(భిలాయిలో బుద్ధపూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మొక్కుల కోసం దేహాన్ని గుచ్చుకునే ఆచారం గురించి మాట్లాడమని నన్ను ఆదేశించారు. ఇది మనకు దూరదేశపు వింత కాదు. చైత్ర నవరాత్రులు ముగిసి జవారా నిమజ్జనానికి ఊరేగింపు కదిలే రోజున దుర్గ్, భిలాయి వీధులలో నిలబడినవారు చూసే ఉంటారు. తొమ్మిది రోజులు మొలకెత్తించిన నారు స్త్రీల తలలపై సాగుతుంది. మాందర్ మ్రోతకు, జస్‌గీతాలకు పూనకం పూనిన యువకులు చెంపలలో, నాలుకలో ‘బానా’ అనే ఇనుప శూలాలు దూర్చుకొని దాని వెంట నడుస్తారు. ఉక్కు కర్మాగారం కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఇక్కడికి వలస వచ్చిన మన పెద్దలకు ఇది కొత్తగా తోచి ఉండదు. బానాను వారు నారసమనే పిలిచి ఉంటారు. పెళ్ళికి ముందు వీరభద్రుని సంబరం చేసి, నారసాలు పొడిపించుకొని, అటుపైనే పీటల మీద కూర్చునే వంశాలు కోస్తాలో నేటికీ ఉన్నాయి. బాలుడు పురుషుడయ్యే గడప వద్ద ఇనుమును నిలబెట్టారు.

ఆ ఇనుము చరిత్ర మన నేలలో చాలా పాతది. శ్రీశైలంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి 14వ శతాబ్దిలో కట్టించిన వీరశిరోమండపం భక్తులు తమ అవయవాలను తామే ఖండించి అర్పించుకొనుటకు ఏర్పడినది. వీపు కండరాలకు కొక్కేలు గుచ్చి మనిషిని మాను కొనకు వ్రేలాడదీసి త్రిప్పే సిడి, తెలుగునాట ఊరూరా ఉండేది. విజయనగరం పైడితల్లి సిరిమాను పేరులో ఆ సిడిమానే దాగి ఉన్నదని చెప్పే పండితులున్నారు. ఇప్పుడు పూజారి మాను కొనన ఆసనంపై కూర్చుంటాడు. కొక్కెం పోయింది, మాను మిగిలింది. ఆచారం మారడానికి వీలులేనిదని వాదించేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలును. వంగదేశంలో ఈ కొక్కేల ఉత్సవాన్ని ఆంగ్ల ప్రభుత్వం 1865లో నిషేధించింది.

ఇక్కడ మనం అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. కొక్కేనికి వ్రేలాడినది ఎవరు? మొక్కు ఒకరిది, వీపు మరొకరిది కావడం సిడిలో అరుదు కాదు. కూలి పుచ్చుకొని పరుల మొక్కు తీర్చినవారు ఎక్కువగా క్రింది కులాలవారే. మన రాష్ట్రంలోనే బస్తరు దసరాను చూడండి. ఓరుగల్లు ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుని వంశీయులమని చెప్పుకునే రాజుల ఉత్సవమది. అది ఆరంభం కావాలంటే మిర్గాన్ కులానికి చెందిన ఒక బాలిక ముళ్ళ ఉయ్యాలపై ఉండి కాఛన్ దేవిగా అనుమతి ఇవ్వాలి. ఆ ఒక్కరోజు రాజు ఆమె ముందు చేతులు జోడిస్తాడు. మిగిలిన సంవత్సరమంతా ఆమె కులానికి ఏ గౌరవం దక్కినదో నేను చెప్పనక్కరలేదు.

అయితే దేహాన్ని గుచ్చుకునే ప్రతి చర్యా దాస్యమేనని నేను అనను. గుడిలోనికి రానీయని కాలంలో, 19వ శతాబ్ది చివర, ఛత్తీస్‌గఢ్ దళితులు రామనామాన్ని తమ ఒంటినిండా పచ్చబొట్లుగా పొడిపించుకున్నారు. వారే రామనామీలు. దేవుని గోడ వెనుక దాచినవారికి అది సూదితో వ్రాసిన జవాబు. వారి మార్గం మనది కాదు, వారి ఆత్మగౌరవం మాత్రం మనదే.

ఇక ధమ్మం ఏమంటున్నది? సిద్ధార్థుడు ఆరేళ్ళు దేహాన్ని ఎండగట్టి చూశాడు. ఎముకలు తేలిన తరువాత సుజాత పాయసం స్వీకరించాడు. సారనాథ్‌లో తొలి ఉపదేశంలోనే భోగలాలసతో పాటు ఆత్మపీడనను కూడా విడువవలసిన అంతంగా చెప్పాడు. బాబాసాహెబ్ 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మము’ గ్రంథంలో ఈ తపస్సును, దాని వైఫల్యాన్ని వివరంగా చెప్పారు.

సంయుత్త నికాయంలోని సల్ల సుత్తం మన విషయానికి మరీ దగ్గర. బాణం తగిలితే నొప్పి అందరికీ కలుగుతుంది. అవివేకి ఆ నొప్పిపై దుఃఖపడి రెండవ బాణాన్ని తనకు తానే తగిలించుకుంటాడు. వివేకికి మొదటిది ఒక్కటే. నారసం గుచ్చుకునేవాడు మొదటి బాణాన్ని కూడా కోరి తెచ్చుకుంటున్నాడు. నొప్పి తెలియడం లేదు, రక్తం కారడం లేదు కనుక అమ్మవారు ఉన్నదని అంటారు. ఉపవాసం, డోలు, జనసమ్మర్దం కలిసినపుడు మెదడు ఎండార్ఫిన్లను విడుదల చేసి నొప్పిని అణచగలదు. లోపలనున్న శూలమే తెగిన రక్తనాళాలను అదిమి ఉంచుతుంది. ఒకే శూలం పలువురి చెంపలు మారితే వచ్చే కామెర్లు, ధనుర్వాతం మాత్రం పూనకం దిగిన తరువాత బయటపడతాయి. ఉక్కు కొలిమి వద్ద నిప్పురవ్వ పడకుండా ఒళ్ళంతా కప్పుకొని పనిచేసే మనిషి, సెలవునాడు అదే ఇనుమును చెంపలో దూర్చుకోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

మన ఇల్లు మాత్రం పరిశుద్ధమని గర్వించనవసరం లేదు. చైనా బౌద్ధ భిక్షువులు దీక్షాసమయంలో శిరస్సుపై ధూపంతో కాల్పించుకొని మచ్చలు వేయించుకునేవారు. అక్కడి బౌద్ధసంఘం 1983లో దానిని మాన్పించింది.

మన కుటుంబాలను నిజంగా వేధించేది శాస్త్రచర్చ కాదు, మిగిలిపోయిన మొక్కు. దీక్షకు మునుపు బిడ్డ జ్వరంలో ఉండగా, ‘వీడు బ్రతికితే పద్దెనిమిదో ఏట నారసం వేయిస్తాను’ అని నానమ్మ మొక్కుకున్నది. ఇప్పుడు వాడికి పద్దెనిమిదేళ్ళు. కోడలు ఇరవైరెండు ప్రతిజ్ఞలు చేసిన ఉపాసిక. మొక్కు తీర్చకపోతే మనవడికేమవుతుందోనని ముసలామె నిద్రపోదు. ఆమెను వెక్కిరించే బౌద్ధుని నేను బౌద్ధుడని అనలేను. కుక్కవ్రతం పట్టిన సేనియుడు, ఎద్దువ్రతం పట్టిన పుణ్ణుడు తమ గతి ఏమిటని అడిగినపుడు, ఆ ప్రశ్న అడగవద్దని బుద్ధుడు రెండుసార్లు వారించాడు. మూడవసారి సత్యం చెప్పాడు. వారు ఏడ్చారు. ఆయన నవ్వలేదు, దారి చూపాడు. అవ్వ భయం వెనుకనున్నది మనవడిపై మమకారమే. దానిని గౌరవించి, ఇనుమును మాత్రం వదలించాలి.

చెవులు కుట్టించడం గురించి కొందరు తల్లులు అడిగారు. బుద్ధవిగ్రహాల సాగిన చెవి తమ్మెలు చూడండి. రాకుమారునిగా ధరించిన బరువైన కుండలాల గుర్తులవి. ఆయన కుండలాలు విడిచాడు, రంధ్రాలను దాచలేదు. అలంకారంగా కుట్టించాలనుకుంటే శుభ్రమైన సూదితో కుట్టించండి. ముహూర్తమూ, మంత్రమూ అక్కరలేదు. వద్దనుకుంటే బిడ్డకు ఏ కొదువా లేదు.

నానమ్మ మొక్కుకు నా సూచన ఇది. దానపారమిని మనం పది పారమితలలో మొదట చెప్పుకుంటాం. పద్దెనిమిదేళ్ళు నిండి, 45 కిలోలకు తగ్గని బరువున్న ఆరోగ్యవంతుడు రక్తదానం చేయవచ్చు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష జరిగింది. ఆ రోజును గుర్తుచేసుకునే సభనాడు, నానమ్మను కూడా వెంటబెట్టుకొని మనవడు విహారానికి రావాలి. త్రిశరణాలు, పంచశీలాలు స్వీకరించాలి. తరువాత ఆసుపత్రిలో చేయి చాపాలి. సూది దిగుతుంది, రక్తం కూడా వస్తుంది, అది ఎవరో ప్రసూతి తల్లికో, ప్రమాదంలో గాయపడిన కార్మికునికో చేరుతుంది. నానమ్మ తన కళ్ళతో చూస్తుంది. ఇందుకు ఇష్టపడే యువకులు సభ ముగిసిన తరువాత కార్యదర్శిగారి వద్ద పేర్లు వ్రాయించగలరు. ఆనాడు ఉపవాసం ఉండవద్దు. కడుపునిండా తిని రండి.